జీడితోట తాకట్టు పెట్టకండి

ప్రశ్న: మా అబ్బాయి శ్రీకాకుళంలో బీఎస్సీ స్టాటిస్టిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నాడు. డేటా సైంటిస్ట్ అవుతానంటున్నాడు. హైదరాబాద్‌లో ఒక శిక్షణ సంస్థ ఆరు నెలల కోర్సుకు రెండు లక్షలు అడుగుతోంది. ఉన్న కాస్త జీడితోట తాకట్టు పెడదామనుకుంటున్నాను. వాడేమో సెలవు దొరికితే చాలు, తేలినీలాపురం వెళ్లి పక్షులను లెక్కపెడుతూ కూర్చుంటాడు. ఈ ధ్యాసతో ఉద్యోగం వస్తుందా?
– ఒక తండ్రి, పలాస

జవాబు: తోట తాకట్టు పెట్టకండి. ముందు ఈ మాట చెప్పి, మిగతావి తర్వాత చెబుతాను.

ఆ ఆరు నెలల్లో నేర్పేది ఎక్కువగా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, డేటాబేస్ నుంచి వివరాలు తీసే ఎస్‌క్యూఎల్, పాత వివరాల నుంచి కంప్యూటర్‌కు నేర్పే మెషీన్ లెర్నింగ్ పద్ధతులు కొన్ని. పైథాన్, గణాంకాలకు వాడే మరో భాష ఆర్ రెండూ ఉచితం. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా వినవచ్చు. డబ్బు పెట్టినా అంత త్వరగా పట్టుబడనిది సంభావ్యత, అంచనా, నమూనా సేకరణ. వాటినే మీ అబ్బాయి మూడేళ్లుగా చదువుతున్నాడు. అతని పుస్తకంలో, అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పే క్రామర్-రావు అసమానత అని ఒక పాఠం కనిపించవచ్చు. ఆ రావు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ చదివి 1941లో కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లిన సి.ఆర్.రావు గారే. అలాంటి చదువును డిగ్రీతోనే ఆపి సర్టిఫికెట్ వెంట పడటం నాకు బాధగా ఉంది.

ఇక పక్షుల సంగతి. మీరు దీన్ని కాలక్షేపం అనుకుంటున్నారు, నాకు మాత్రం మీ ఉత్తరంలో అన్నిటికంటే ఆశ కలిగించిన వాక్యం అదే. తేలినీలాపురం పక్షులు సైబీరియా నుంచి వస్తాయని మన జిల్లాలో అందరూ అంటారు. అక్కడ గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు దక్షిణాసియా పక్షులే, సైబీరియాలో ఉండవు. పదిమంది చెప్పే మాటను ఆధారంతో సరిచూడటమే డేటా సైంటిస్ట్ మొదటి పని. లెక్కలోనూ ఎన్నో చిక్కులుంటాయి. ఉదయం చూసిన పక్షే సాయంత్రం మళ్లీ లెక్కలోకి వచ్చిందా? నిరుడు ఒక్కరే లెక్కపెట్టి, ఈ ఏడాది నలుగురు లెక్కపెడితే పక్షులు పెరిగినట్టా, కళ్లు పెరిగినట్టా? ఆదివారాలే వెళితే మిగతా రోజుల సంగతేమిటి? బ్యాంకు రుణాలైనా ఆసుపత్రి రికార్డులైనా ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి. అంకెల వెనక ఎవరు, ఎప్పుడు, ఎలా లెక్కపెట్టారని అడగలేనివారు ఎంత గొప్ప మోడల్ కట్టినా తప్పు జవాబే ఇస్తారు.

అతనికి చెప్పండి: చూసినవి ఈబర్డ్ అనే పక్షుల వివరాల వెబ్‌సైట్‌లో నమోదు చేయమనండి. ఎంతసేపు చూశారు, ఎంత దూరం నడిచారు, ఎంతమంది ఉన్నారు అన్నవి కూడా అందులో రాయాలి. జిల్లాలో ఇతరులు నమోదు చేసిన వివరాలను కోరి తీసుకుని, గంటకు ఎన్ని పక్షులు కనిపించాయో నెలవారీగా విశ్లేషించి, తన లెక్కకున్న లోపాలు కూడా రాసిపెట్టుకోవాలి. ఇంటర్వ్యూలో ఇలాంటి సొంత పని గురించి అరగంట మాట్లాడగలిగితే, అందరూ చేసే తయారు ప్రాజెక్టులు పదింటికి మించిన బలం.

చదువు విషయంలో నా సలహా, స్టాటిస్టిక్స్‌లోనే ఎంఎస్సీ. ఐఐటీల ఎంఎస్సీ ప్రవేశ పరీక్ష అయిన జామ్‌లో మ్యాథమేటికల్ స్టాటిస్టిక్స్ పేపర్ రాస్తే కాన్పూర్, బొంబాయి వంటి ఐఐటీలకు దారి ఉంటుంది. దరఖాస్తులు సాధారణంగా సెప్టెంబరులో మొదలవుతాయి, ఆలస్యం చేయవద్దు. పైన చెప్పిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ)లో స్టాటిస్టిక్స్ పీజీ కోర్సు ఎంస్టాట్‌కు ప్రవేశ పరీక్ష కష్టం, అయినా రాయాలి. సీటు వస్తే స్టైపెండ్ కూడా ఇస్తారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ పీజీ, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏపీ పీజీసెట్ రాయాలి.

ఒక్క విషయం ముందే తెలుసుకోండి. చదువు అవగానే డేటా సైంటిస్ట్ హోదా రావడం అరుదు. మొదట డేటా అనలిస్ట్‌గా నివేదికలు తయారు చేస్తూ, చిందరవందరగా వచ్చిన వివరాలను శుభ్రం చేస్తూ గడపాలి. కొన్ని కంపెనీలు బీటెక్ వాళ్లనే పిలుస్తాయి, అది నిజమే. అందుకే కాలేజీలో ఉండగానే ఎస్‌క్యూఎల్, ఆంగ్లంలో స్పష్టంగా రాయడం రెండూ అలవాటు చేసుకోవాలి.

ప్రైవేటు ఉద్యోగం మీద మీకు భయం ఉంటే, యూపీఎస్‌సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్, ఎస్ఎస్‌సీ సీజీఎల్‌లోని జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టులు ఉన్నాయి. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివినవారు ఈ రెండింటికీ అర్హులే. ఎంఎస్సీ చదువుతూనే వీటికీ సిద్ధం కావచ్చు.