సెలవుల్లో కనపడని ఉప్పు

అమ్మలూ,

నెదర్లాండ్స్ నుంచి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. 1953 సముద్రపు వరద తర్వాత వాళ్లు కట్టుకున్న గట్లూ గేట్లూ చూస్తే కోనసీమలో మన రాజోలే గుర్తొచ్చిందన్నావు. నాకెంత సంతోషం వేసిందో! సెలవులకి వచ్చి మురుగు కాలువల్లో ఉప్పు కొలుస్తానన్నావు కదా, ఆ సంగతే రాస్తున్నాను.

మీ సెలవులు జులై, ఆగస్టు. అప్పటికి ధవళేశ్వరం నుంచి కాలువలు వదిలేస్తారు, వానలు పడతాయి, గోదారి ఎర్రనీళ్లతో నిండుగా ఉంటుంది. అప్పుడు కొలిస్తే మీటరు ఉప్పు తక్కువే చూపిస్తుంది. ఉప్పు ఎక్కేది ఏప్రిల్, మే నెలల్లో. కాలువలు కట్టేస్తారు, నదిలో పారకం తగ్గుతుంది, అమావాస్య, పున్నమి పోట్లకి సముద్రం మురుగు కాలువల్లోంచి ఎదురెక్కుతుంది. శంకరగుప్తం డ్రెయిన్ పక్కన మొవ్వులు రాలి మోడులైన కొబ్బరిచెట్లు చూస్తే నీకే అర్థమవుతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఈ తప్పు చేశాను. ఆగస్టులో ఒక రైతు చేలో మట్టి తీసి, బాగానే ఉందని చెప్పాను. ఆ మాట నమ్మి ఆయన దాళ్వా, అదే రెండో పంట వరి, వేశాడు. మార్చి వచ్చేసరికి ఆకుల కొసలు ఎండిపోయాయి, గట్ల వారన తెల్లగా ఉప్పు తేలింది. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. అదే ఇప్పటికీ బాధ.

అందుకని ఏడాది పొడుగునా కొలిచే మనిషి ఊళ్లోనే ఉండాలి. మన వీధిలో ఇంటర్ చదివే పిల్లకి నేను నేర్పిస్తాను, వీడియో కాల్లో నువ్వూ చూడు. ఎప్పుడూ ఒకే వంతెన దగ్గర, సముద్రం పోటెక్కినప్పుడు ఒకసారి, పాటు తీసినప్పుడు ఒకసారి నీళ్లు తియ్యాలి. సీసాని ఆ నీళ్లతోనే మూడుసార్లు తొలిచి అప్పుడు నింపాలి. తేదీతో పాటు తిథి కూడా రాయాలి. చేపల వేటకెళ్లే వాళ్లు తిథి చూసి నీ అంకెని వెంటనే పోల్చుకుంటారు.

చేలో మట్టిని గట్టు మీదా, చెట్టు కిందా, పెంటకుప్ప దగ్గరా తియ్యకూడదు. ఆరంగుళాల లోతున 'వి' ఆకారంలో తవ్వి, పక్క నుంచి పైనుంచి కిందిదాకా పలచగా చెక్కాలి. ఎనిమిది పది చోట్ల తీసి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురువి రెండు పారెయ్యాలి. అరకిలో మిగిలేదాకా అలాగే. ల్యాబులో ఈసీ, అంటే ఉప్పుని చెప్పే విద్యుత్ వాహకత అంకె, ఏ పద్ధతిలో తీశారో తప్పకుండా అడుగు. మీ పుస్తకాల్లో వరికి ఈసీ 3 (డెసీసీమెన్స్/మీటరు) దాటితే దిగుబడి తగ్గుతుందని ఉండేది తడిపి ముద్ద చేసిన మట్టి నుంచి లాగిన నీటి లెక్క. ఎక్కువ నీళ్లు కలిపి తీస్తే అంకె చిన్నదొస్తుంది. ఆ రెండూ కలిపేసి ఊరిని భయపెట్టినా, ధైర్యం చెప్పినా తప్పే.

రొయ్యల చెరువులన్నీ మూయించాలన్నావు. ఆ మాట మొదటి రోజే అనకు. 2011లో కోనసీమ రైతులు వరి గిట్టక సార్వానే, అంటే వానాకాలం పంటనే, మానేశారమ్మా. చేలు చెరువులకి లీజుకిచ్చిన వాళ్లలో మన చుట్టాలూ ఉన్నారు. చెరువు నీళ్లు ఎప్పుడు, ఏ కాలువలోకి తోడేస్తున్నారో మాత్రం కనుక్కుని రాసుకో.

మీటరు నేనిక్కడ కొంటాను. దాన్ని సరిచూసే ద్రావణం మాత్రం మీ ల్యాబులో ఏది వాడతారో కనుక్కుని చెప్పు. సంక్రాంతి వెళ్లిపోయింది, ఏప్రిల్ ఎంతో దూరం లేదు. పెద్ద నోట్‌బుక్కు కొని, మొదటి పేజీలో మన వంతెన పేరూ, ఆ పిల్ల పేరూ, నీ పేరూ రాసి ఉంచాను.

పెదనాన్న