ఒక పిన్నా, అయిదు పిన్నులా?

ప్రశ్న: సార్, మా తమ్ముడు టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే సీజన్‌లో స్నేహితులతో కలిసి విల్లుతో జింకల వేటకు వెళ్ళాలని అక్కడి కోర్సు చేశాడు, లైసెన్స్ తీసుకుంటున్నాడు. కప్పీలుండే కాంపౌండ్ విల్లు కొన్నాడు గానీ, గురి చూసుకోవడానికి దానికి బిగించే సైట్ అనే పరికరం దగ్గర ఆగిపోయాడు. ఒక స్నేహితుడు గురి పెట్టే చుక్క లాంటి పిన్ను ఒకటే ఉన్నది చాలంటాడు, ఇంకొకడు అయిదు పిన్నులది కొనమంటాడు. చెట్టు మీద మంచె కట్టుకుని కూర్చుంటారట. ఏది మంచిది? ఇంకో మాట. వాడు సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ విల్లు తెస్తే, ఉదయగిరి దగ్గర మా చేను తవ్విపోస్తున్న అడవిపందుల మీద వాడొచ్చా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. వాడకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో వేట నేరం. చేను మనదైనా, పంట మనదైనా, అనుమతి లేకుండా అడవిపందిని చంపితే కేసు అవుతుంది. పంట పోయిన బాధ నాకు తెలియనిది కాదు, మాదీ ఆత్మకూరు పక్క మెట్ట సేద్యమే. నష్టం కనిపించిన రోజే ఫొటోలు తీసి అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో అర్జీ పెట్టండి. విల్లు టెక్సాస్‌లోనే ఉండనివ్వండి.

ఇక సైట్ సంగతి. నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా రిటైరయ్యాక, శాన్ ఆంటోనియో దగ్గర మా అమ్మాయి ఇంట్లో రెండు చలికాలాలు గడిపాను. పక్కింటి పెద్దాయన ముప్పై ఏళ్ళుగా విల్లుతో వేటాడుతున్న మనిషి. ఆయన దగ్గరే కాంపౌండ్ విల్లు పట్టడం నేర్చుకున్నాను. నేను జంతువును కొట్టలేదు, ఫోమ్‌తో చేసిన జింక బొమ్మలనే కొట్టాను. మీ తమ్ముడికి పనికొచ్చే తప్పులన్నీ అక్కడే చేశాను.

బాణం తిన్నగా పోదు, విల్లు వదిలిన క్షణం నుంచి భూమి దాన్ని కిందికి లాగుతూనే ఉంటుంది. సెకనుకు 280 అడుగుల వేగంతో పోయే బాణానికి 20 గజాల దగ్గర గురి సరిచేశారనుకోండి. అదే గురితో 30 గజాలకు కొడితే అయిదారు అంగుళాలు కింద తగులుతుంది. 40 గజాలకైతే అడుగుకు మించి కిందికి దిగిపోతుంది. ఈ తేడాను సరిచేయడానికే పిన్నులు. అయిదు పిన్నుల సైట్‌లో పై పిన్ను 20 గజాలకు, దాని కిందది 30కి, అలా 60 వరకు ఒక్కోటి ఒక్కో దూరానికి కదలకుండా బిగించి ఉంటుంది. ఒకే పిన్ను ఉన్న సైట్‌లో చక్రం తిప్పి ఆ పిన్నునే పైకీ కిందికీ జరుపుకోవాలి.

అయిదు పిన్నులది వినడానికి బాగుంటుంది. జింక 20 గజాల నుంచి 40కి నడిచినా చెయ్యి కదపకుండా పిన్ను మారిస్తే చాలు. 35 గజాల దగ్గర ఆగితే రెండు పిన్నుల మధ్య సందులో పెట్టి కొట్టొచ్చు. కానీ తాడు పూర్తిగా లాగి, గుండె దడదడలాడుతుంటే, కళ్ళ ముందు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చుక్కలు నిలువునా నిలబడితే ఏది ఏ దూరానిదో గుర్తుండదు. 30 గజాల బొమ్మ మీద నేను రెండో పిన్ను పెట్టాననుకుని మూడోది పెట్టాను. బాణం ఏడంగుళాలు ఎత్తున వీపులో దిగింది. అది బొమ్మ. ప్రాణమున్న జింకైతే వీపులో బాణంతో ఎంత దూరం పరుగెత్తేదో, ఏ పొదలో పడి ఎంత సేపు కొట్టుకునేదో. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వేట వద్దనుకునే వాళ్ళ మాట ఎంత గౌరవించాలో, వేటకు వెళ్ళేవాడు ఈ భయాన్ని అంత గౌరవించాలి.

అందుకే మంచె మీద మొదటి సీజన్ కూర్చునే మీ తమ్ముడికి ఒకే పిన్నుది కొనమంటాను. దాన్ని 25 గజాలకు సరిచేసి, వేటలో చక్రం ముట్టుకోవద్దనండి. అలా పెడితే 20 దగ్గర బాణం రెండంగుళాల లోపు పైన, 30 దగ్గర మూడంగుళాల లోపు కింద తగులుతుంది. తోక తెల్లగా ఉండే అక్కడి జింకకు గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు ఎనిమిది అంగుళాల పళ్ళెమంత. మధ్యలో గురి పెడితే 20 నుంచి 30 దాకా లెక్క వేయాల్సిన పని లేదు. టెక్సాస్ రాంచుల్లో, అంటే పెద్ద పశువుల క్షేత్రాల్లో, జింకలు వచ్చేలా మొక్కజొన్న గింజలు రాల్చే డబ్బాలు పెడతారు. మంచె నుంచి ఆ డబ్బా ఎంత దూరమో ముందే కొలుచుకోవచ్చు.

చక్రం ఎందుకు ముట్టుకోవద్దంటున్నానంటే, ఒక తెల్లవారుజామున ఆ పెద్దాయన పక్కన కూర్చున్నాను. అక్కడ సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కొట్టొచ్చు. మసక వెలుతురులో ఆ ఒక్క ఆకుపచ్చ చుక్కే కనపడింది. మంచి కొమ్ముల మగజింక వచ్చింది, 40 గజాల దగ్గరే ఆగి తలెత్తి మా వైపే చూసింది. చక్రం తిప్పడానికి చెయ్యి కదిలితే అది పోతుంది, తిప్పకుండా కొడితే గాయమవుతుంది. ఆయన విల్లు దించేశాడు. అది మెల్లగా వెళ్ళిపోయింది. ఆయన ముఖంలో నాకు బాధేమీ కనపడలేదు.

నేల మీద నడుస్తూ, గుట్టల్లో వెతుకుతూ వేటాడే మాటైతే నా జవాబు వేరు. దూరం క్షణక్షణానికి మారే చోట 20, 30, 40 గజాలకు మూడు పిన్నులుండాలి. అప్పుడు కూడా అయిదు వద్దు.

పోటీల్లో ఆడేవాళ్ళంతా ఒకే చుక్క ఉన్న సైట్ వాడుతున్నారు కదా అని కొందరంటారు. మన వెన్నం జ్యోతి సురేఖ 2023 ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచింది 50 మీటర్ల దూరంలో. ఆ లక్ష్యం కదలదు. ఆ పోలిక వేటకు కుదరదు.

మంచె మీద ఇంకొకటి. 20 అడుగుల ఎత్తు నుంచి చూపు దూరం 20 గజాలుంటే, బాణం దిగే లెక్కకు నేల మీద కొలిచే దూరమే ముఖ్యం, అది 19 గజాలే. ఆ ఒక్క గజానికి టెన్షన్ పడక్కర్లేదు. చెయ్యి దించి కాకుండా, నడుము దగ్గర వంగి గురి పెట్టాలి. తాడులో బిగించిన, కన్ను పెట్టి చూసే పీప్ కన్నంలో సైట్ గుండ్రం సరిగ్గా ఇమిడిందా, విల్లు పక్కకు వాలిందో లేదో చూపే లెవెల్ బుడగ మధ్యలో ఉందా చూసుకోకపోతే ఏ సైట్ కొన్నా డబ్బు దండగ. బాణం బరువు మారిస్తే గురి మళ్ళీ మొదటి నుంచి సరిచేసుకోవాలి.

సంక్రాంతికి వచ్చినప్పుడు మీ తమ్ముడు విల్లు లేకుండానే ఒక పని చేయొచ్చు. పొద్దున్నే గెనిమ మీద నిలబడి, ఎదురుగా ఉన్న తుమ్మచెట్టు ఎన్ని గజాలో పైకి చెప్పి, అడుగులు వేస్తూ కొలవమనండి. రోజుకు ఇరవై చెట్లు. ముందు టేపు పరిచి తన అడుగెంతో కొలుచుకోమనండి, నా అడుగు గజానికి నాలుగంగుళాలు తక్కువని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.