ఆటలంటే ఆఫీసంతా మొహం చాటేస్తోంది

ప్రశ్న: మా ఆఫీసులో పద్నాలుగు మందిమి. ఏడాదికోసారి టీమ్ బిల్డింగ్ పేరుతో ఒక రోజు ఆటలు పెడతారు. పోయినసారి ఆ ఏర్పాట్లు నాకు అప్పగించారు. ఆదివారం పెట్టాను. సేల్స్ వాళ్ళకూ అకౌంట్స్ వాళ్ళకూ తాడు లాగే పోటీ నడిపాను. గెలిచిన సేల్స్ వాళ్ళు నెలల తరబడి దెప్పుతూనే ఉన్నారు. ఇప్పుడు ఒక ఫైలు అడిగినా రెండు పక్కలా మూతి ముడుపులే. ‘ఎవరికీ తెలియని మీ సంగతి ఒకటి చెప్పండి’ అనే ఆటలో ఒకావిడ ఏదో చెప్పబోయి ఏడ్చేసింది. ఈ ఏడాది కూడా మేనేజర్ నన్నే చూడమన్నారు. ‘మళ్ళీ మొదలెట్టిందా ఈవిడ’ అని ఎవరో అనడం నా చెవిన పడింది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మా వారేమో ‘నా వల్ల కాదని చెప్పెయ్’ అంటున్నారు. నాకు చేతకావడం లేదా? అందరికీ నచ్చేలా ఎలా చేయాలి?
– పేరు రాయవద్దు

జవాబు: ‘మళ్ళీ మొదలెట్టిందా ఈవిడ’ అన్న మాటలో మీకు ‘ఈవిడ’ వినబడింది. నాకు ‘మళ్ళీ’ వినబడింది. సెలవు రోజు పోయింది, నలుగురి ముందు నవ్వులపాలయ్యారు, రానంటే ఏమంటారోనన్న భయం ఒకటి. ఈ మూడూ మళ్ళీ వస్తాయేమోనని వాళ్ళ బెంగ. మీ స్థానంలో ఇంకెవరున్నా అదే మాట పడేవారు.

ఆ తాడు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ఆఫీసులో జరిగినట్టే ఒకచోట ప్రయోగంగా జరిగింది. 1954 వేసవిలో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో ముజఫర్ షరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పదకొండేళ్ళ అబ్బాయిలు 22 మందిని శిబిరానికి తీసుకెళ్ళి రెండు జట్లుగా విడదీశాడు. వాళ్ళ మధ్య బేస్‌బాల్, తాడు లాగుడు లాంటి పోటీలు పెట్టాడు. కొద్ది రోజుల్లోనే ఒక జట్టు జెండాను ఇంకో జట్టు తగలబెట్టింది, ఒకరి గదుల మీద ఒకరు దాడికి దిగారు. సరే, కలిపి కూర్చోబెడితే సర్దుకుంటారనుకుని ఒకే చోట భోజనాలు పెడితే తిండి ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. చివరికి కలిపినవి ఆటలు కావు, అవసరాలు. శిబిరానికి నీళ్ళు రాకపోతే అందరూ కలిసి కారణం వెతికారు. తిండి తేవాల్సిన ట్రక్కు కదలకపోతే రెండు జట్లూ కలిసి లాగాయి. దేనితో లాగారనుకున్నారు? పోటీలో వాడిన ఆ తాడుతోనే! (పిల్లలకు తెలియకుండా చేసిన ప్రయోగం అది. దాని మీద విమర్శలు చాలానే ఉన్నాయి, నాకూ ఆ పద్ధతి నచ్చదు. కానీ మీ సేల్స్, అకౌంట్స్ వాళ్ళను చూస్తే అది గుర్తుకు రాక మానదు.)

అసలే పని దగ్గర రాపిడి ఉన్న రెండు విభాగాలను ఎదురెదురుగా నిలబెట్టడమే ఆ పోటీలో మీరు చేసిన పొరపాటు. ఈసారి విభాగాల వారీగా జట్లు వేయకండి. చీట్లు తీయించి నలుగురేసి చొప్పున కలపండి, ఒకటి రెండు జట్లలో ఐదుగురున్నా ఫరవాలేదు. చిన్న జట్లే ఎందుకంటే, మళ్ళీ తాడు కథే. మాక్స్ రింగెల్మన్ అనే ఫ్రెంచి ఇంజినీరు 1913లో ప్రచురించిన లెక్కల ప్రకారం, ఒక్కరే లాగినప్పటి బలంతో పోలిస్తే ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి వంతు దాదాపు సగానికి పడిపోయింది. గుంపు పెద్దదైతే వెనక నిలబడి తాడు పట్టుకున్నట్టు నటించేవాళ్ళు ఉంటారు. నలుగురిలో ఆ వీలుండదు, కొత్తవాళ్ళకూ నోరు విప్పే సందు దొరుకుతుంది.

ఏం చేయించాలన్నది మీరొక్కరే కూర్చుని ఆలోచించకండి. ‘మీకేం ఇష్టం?’ అని అడిగితే అందరూ ‘ఏదైనా ఓకే’ అంటారు, ఆ రోజు మొహాలు మాడ్చుకుంటారు. ‘ఏది వద్దు?’ అని అడగండి. పేరు రాయనక్కర్లేని చీటీ మీద రెండే ప్రశ్నలు: ఏది పెడితే మీరు రాకూడదనుకుంటారు? ఏ సమయం అసలు కుదరదు? నడుము నొప్పి ఉన్నవాళ్ళు, ఇంట్లో పసిపిల్లలున్నవాళ్ళు, పాటలు డ్యాన్సులంటే చెమటలు పట్టేవాళ్ళు మీ ముందుకొచ్చి చెప్పుకోలేనిది చీటీ మీద రాస్తారు. మిగిలిన వాటిలోంచి రెండు మూడు ఎంచి, ఒకే సమయంలో పక్కపక్కన నడపండి. ఎవరికి నచ్చినదానికి వాళ్ళు వెళతారు.

నన్నడిగితే, ఆటల కంటే చేతికి పని ఇచ్చేవే బాగుంటాయి. ఆఫీసులో అందరూ తిట్టుకునే గది ఒకటి ఉంటుంది కదా, సామాను కుక్కేసినది. దాన్ని ఎలా మార్చాలో జట్టుకొక ప్లాను గీసి, నచ్చినదాన్ని అందరూ కలిసి సర్దితే చివర్లో కళ్ళకు కనబడే ఫలితం ఉంటుంది. అలా కాకపోతే, తనకు తెలిసిన చిన్న విద్య ఒకటి పది నిమిషాలు నేర్పమనండి. అకౌంట్స్ ఆయన ఎక్సెల్‌లో ఒక చిట్కా చూపిస్తారు, ఇంకొకరు మంచి ఫొటో తీయడం నేర్పుతారు. నేర్పడం ఇష్టం లేనివాళ్ళు నేర్చుకుంటారు, అంతే. ఒకటి మాత్రం మరువకండి. ఫొటోలు గ్రూపులో పెట్టే ముందు అందులో ఉన్నవాళ్ళను అడగండి.

ఆదివారం వద్దే వద్దు. ఆఫీసు వేళల్లో సగం పూట ఇవ్వమని మేనేజర్‌ను అడగండి. ఇవ్వనంటే మీ వారు చెప్పిన మాట అప్పుడు వాడండి: ‘సెలవు రోజైతే నా వల్ల కాదు’ అనండి. ఆయన సలహా తప్పు కాదు, కాస్త తొందరపడి ఇచ్చారు. మీ నిద్ర పోతుంటే చూడలేక అన్న మాట అది. ఆయన మీద విసుక్కోకండి.

రానివాళ్ళను ఎందుకు రాలేదని అడగకండి, సరదాకైనా సరే. 2022 నవంబరులో ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానం ఒక కేసులో, సంస్థ కోరే ‘సరదా’లో పాలుపంచుకోననడం ఉద్యోగి భావ ప్రకటన స్వేచ్ఛ కిందికి వస్తుందని, ఆ కారణంతో ఉద్యోగంలోంచి తీసేయడం కుదరదని చెప్పింది. మీ దగ్గర విషయం అంతదూరం పోదు లెండి. అయినా, రానవసరం లేదని ముందే తెలిస్తే వచ్చేవాళ్ళు పెరగడం నేను చూశాను.

ఇక ఏడ్చిన ఆవిడ. రహస్యాలు బయటపెడితే దగ్గరవుతారనే నమ్మకం ఈ ఆటల్లో ఎక్కువ. ఇంట్లో ఎవరికి ఏ గాయముందో మనకేం తెలుస్తుంది? అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1999లో ఒక తయారీ సంస్థలోని 51 బృందాల మీద చేసిన అధ్యయనం వెలువరించారు. ‘పొరపాటు చేశాను’, ‘నాకిది తెలియదు’ అని వెక్కిరింపుల భయం లేకుండా అనగలిగే చోట బృందం బాగా నేర్చుకుంటుందని అందులో తేలింది. ఆ నమ్మకం రోజూ పని దగ్గర పుడుతుంది, గుండ్రంగా కూర్చోబెట్టి గుట్టు చెప్పమంటే పుట్టదు. మాటల ఆట ఉండి తీరాలంటే ‘ఈ మధ్య కొత్తగా నేర్చుకున్నదేమిటి?’ లాంటి తేలిక ప్రశ్న చాలు. ‘పాస్’ అనే హక్కు అందరికీ ఉందని మొదటే చెప్పి, మొదటి పాస్ మీరే అనండి.

మీ మేనేజర్‌తో ఇంకో మాట కూడా ఉంది. సేల్స్ వాళ్ళు బిల్లులు ఆలస్యంగా ఇవ్వడమో, అకౌంట్స్ వాళ్ళ మీద పని మరీ ఎక్కువవడమో అసలు గొడవైతే, దాన్ని ఏ ఆటా తీర్చదు. అది మీ నెత్తిన వేసుకోకండి, ఆయన తేల్చాల్సినది.

చీటీలు పంచే ముందు ఒక పని చేయండి. ఆ ఏడ్చిన ఆవిడను పక్కకు పిలిచి, ‘ఆ రోజు ఆ ఆట పెట్టడం నా తప్పండీ, ఈసారి అలాంటిది ఉండదు’ అని చెప్పండి. ఏమైందని మాత్రం అడగకండి. ఆవిడ చెప్పాలనుకుంటే చెబుతారు, లేదంటే ‘ఫరవాలేదు’ అని తన సీట్లోకి వెళ్ళిపోతారు. ఎలా అయినా ఆ రాత్రి మీకు కాస్త నిద్ర పడుతుందని నా నమ్మకం.