విదేశాల్లో పొలాలు తీసుకుంటే మన తిండికి భరోసా ఉంటుందా?

పొలం చేతిలో ఉన్నంత మాత్రాన గింజ ఇంటికి చేరుతుందన్న నమ్మకం లేదు.

2008లో బియ్యం, గోధుమల ధరలు మండిపోయి, మనతో సహా చాలా దేశాలు ఎగుమతులు ఆపేశాయి. డబ్బున్నా సరుకు దొరకదన్న భయంతో దిగుమతుల మీద బతికే దేశాలు బయట భూముల వేటలో పడ్డాయి. దక్షిణ కొరియాకు చెందిన దేవూ సంస్థ మడగాస్కర్‌లో 13 లక్షల హెక్టార్లు 99 ఏళ్లకు లీజుకు అడిగింది. అక్కడి జనం భగ్గుమన్నారు. 2009లో ప్రభుత్వమే మారిపోయింది, కొత్త నాయకుడు వచ్చీరాగానే ఒప్పందం రద్దన్నాడు.

మనవాళ్ల అనుభవమూ అంతే. గులాబీల వ్యాపారం చేసే బెంగళూరు కంపెనీ కరుటూరి, ఇథియోపియాలోని గాంబెల్లాలో లక్ష హెక్టార్లు తీసుకుంది. కౌలు హెక్టారుకు ఏడాదికి 20 బిర్‌లు (బిర్ అక్కడి కరెన్సీ), అంటే దాదాపు ఉచితం. కానీ అది బారో నది వరద మైదానం. 2011లో మొక్కజొన్న నీట మునిగింది. చివరికి, సాగు చేసింది చాలా కొంచెమేనంటూ ప్రభుత్వం లీజు రద్దు చేసింది. ఆ నేల మీదే బతికే అన్యువాక్ ప్రజల గోడు మాత్రం ఒప్పందం రాసేటప్పుడు ఎవరికీ పట్టలేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

కరువొస్తే ఏ ప్రభుత్వమైనా ముందు తన జనం కడుపు చూసుకుంటుంది. అందుకే కొనుగోలు ఒప్పందమే మేలని నా అభిప్రాయం. 2016లో మొజాంబిక్‌తో మన దేశం చేసుకున్నది అలాంటిదే: సాగు చేసేది అక్కడి రైతే, ఏటా లక్ష టన్నులతో మొదలుపెట్టి రెండు లక్షల టన్నుల దాకా కందులు, ఇతర పప్పులు మనం కొనాలి.