డ్రమ్ము కన్నా ముందు దాని కాళ్లు చూడండి

మీ అమ్మాయి ఆరో తరగతి బ్యాండులో పర్కషన్, అంటే కొట్టి వాయించే వాద్యాలు, ఎంచుకున్నదనీ, ఇంట్లో సాధనకు స్నేర్ డ్రమ్ (అడుగున తీగలు బిగించిన డ్రమ్ము) స్టాండు కొనమని టీచరు చెప్పారనీ, 30 డాలర్ల నుంచి 200 డాలర్ల వరకు ఉన్నవన్నీ చూడటానికి ఒకేలా ఉన్నాయనీ రాశారు. డల్లాస్ ప్రాంతానికి వచ్చి నాలుగు నెలలే అయిందన్నారు కాబట్టి ఈ అయోమయం సహజమే. 2010లో మా అబ్బాయి ఆరో తరగతిలో చేరినప్పుడు నాకు కూడా అవన్నీ మూడు కాళ్ల ఇనప సామానుగానే కనిపించాయి. తేడా తెలుసుకోవడానికి నాకు ఎంత ఖర్చయిందో సెంట్లతో సహా ఇప్పటికీ ఒక నోటుపుస్తకంలో రాసి ఉంది.

మనం పెరిగిన చోట వాద్యానికి స్టాండు అన్నది ఒక ఖర్చు కింద లెక్కకే రాదు. మృదంగాన్ని కాలికి ఆనించుకుంటారు, డోలును మెడకు తగిలించుకుంటారు, డప్పు భుజాన వేలాడుతుంది. తెనాలి నుంచి వచ్చిన నాకు, మోసేదానికి కూడా డబ్బు పెట్టడమేమిటి అనిపించింది. ధరల జాబితాలో అన్నిటికన్నా అడుగున ఉన్నది 29 డాలర్ల 99 సెంట్లకు తీసుకున్నాను. మన దగ్గర 8.25 శాతం పన్ను కలుపుకొంటే 32 డాలర్ల 46 సెంట్లు. అప్పట్లో డాలరుకు 45 రూపాయలు వేసుకుని, 1,460 రూపాయలు పోసి ఇనుము కొన్నానని రెండు రోజులు బాధపడ్డాను కూడా.

డబ్బాలోంచి తీసిన రోజే మొదటి పొరపాటు బయటపడింది. నేను కొన్నది కుర్చీలో కూర్చుని డ్రమ్ సెట్ వాయించేవారి స్టాండు. బడి బ్యాండులో పిల్లలు నిలబడి వాయిస్తారు; అందుకు కాన్సర్ట్ స్నేర్ స్టాండు అని పొడుగుది వేరే ఉంటుంది. మావాడు నిలబడితే డ్రమ్ము తొడల దగ్గర ఉండేది, వాడు నడుము వంచి వాయించేవాడు. మార్చుకుని వేరేది తెద్దామంటే, తిరిగి పంపే ఖర్చు మనమే పెట్టుకోవాలన్నారు. 11 డాలర్లు దేనికని, ఊరి నుంచి తెచ్చుకున్న పీట మీద స్టాండును నిలబెట్టి, గొట్టంలో పట్టు నిలవక జారే చోట నల్ల టేపు చుట్టి, గొప్ప పని చేశానని మా ఆవిడతో చెప్పాను.

ఇక రెండో జబ్బు ఆ స్టాండుకు పుట్టుకతోనే ఉంది. డ్రమ్మును వంచి నిలిపే చోట పళ్లచక్రం లాంటిది ఒకటి ఉంటుంది. చవక సరుకులో ఆ పళ్లు మెత్తటి లోహంతో చేసి ఉంటాయి. నవంబరు కల్లా అవి అరిగిపోయాయి. నాలుగు దెబ్బలకొకసారి డ్రమ్ము ముందుకు తల వాల్చేది, వాడు ఎడమ చేత్తో దాన్ని ఎత్తి, కుడి చేత్తో వాయించేవాడు. నేను రెంచి తెచ్చి ఇంకా బిగించాను. బిగించిన కొద్దీ మర లోపలి చుట్లు కొరుక్కుపోయాయి. చలికాలపు కచేరీకి మూడు రోజుల ముందు ఒక కాలు పీట అంచు దాటి జారడంతో, అద్దెకు తెచ్చిన డ్రమ్ము స్టాండుతో సహా పక్కకు పడి, కింద తీగలను బిగించే మీట వంగిపోయింది. దాని మరమ్మతుకు 45 డాలర్లు. ఆ తరువాత కొన్న అసలైన స్టాండు 89 డాలర్లు, పన్నుతో 96 డాలర్ల 34 సెంట్లు. మొదటే అది కొని ఉంటే 77 డాలర్ల 46 సెంట్లు, అంటే దాదాపు 3,500 రూపాయలు మిగిలేవి. ఆ నెల మా నాన్నగారికి పంపే సొమ్ములో అంత తగ్గించి పంపాను, కారణం మాత్రం ఆయనకు చెప్పలేదు.

కాబట్టి ముందుగా టేపు తీసుకుని మీ అమ్మాయిని నిలబెట్టి కొలవండి. డ్రమ్ము పైతోలు బొడ్డుకు కొంచెం కిందుగా ఉండి, మోచేతుల నుంచి చేతులు కాస్త కిందికి వాలాలి. స్నేర్ డ్రమ్ము సామాన్యంగా 14 అంగుళాల వెడల్పు, అయిదు నుంచి ఆరున్నర అంగుళాల లోతు ఉంటుంది. ఆ లోతును నేల నుంచి తీసుకున్న మీ కొలతలోంచి తీసేస్తే స్టాండు ఎంత ఎత్తు లేవాలో తెలుస్తుంది. పిల్లలు ఈ వయసులో ఏడాదికేడాది సాగుతారు కనుక, ఇంకో నాలుగైదు అంగుళాలు పైకి లేచేదే తీసుకోండి, లేకపోతే మళ్లీ ఖర్చు.

కాళ్లకు ఒక్కొక్కదానికి రెండేసి పట్టీలు ఉండాలి, వెడల్పుగా పరుచుకోవాలి, అడుగున రబ్బరు తొడుగులు మందంగా ఉండాలి. గొట్టం జారకుండా మెమరీ లాక్ అనే పట్టీ ఉంటే, రోజూ ఎత్తు కొలుచుకునే పని తప్పుతుంది. వంపు మార్చే చోట పళ్లు లేకుండా ఏ కోణంలోనైనా ఆగేది ఉంటే మంచిది. పళ్లున్నదైతే అవి సన్నగా, గట్టిగా ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడండి. యమాహా, పెర్ల్ రెండూ ఈ పొడుగు రకం చేస్తాయి. ఇంట్లో డ్రమ్ము బదులు రబ్బరు ప్యాడు పెట్టి సాధన చేయిస్తారేమో అడగండి, ఎందుకంటే స్టాండు పైన డ్రమ్మును పట్టుకునే మూడు చేతులు 10 అంగుళాలకు కూడా దగ్గరకు రాకపోతే చిన్న ప్యాడు అందులోంచి కిందికి జారిపోతుంది.

డ్రమ్మును కూర్చోబెట్టేటప్పుడు ఆ మీట వాయించేవారి వైపు ఉండాలి, స్టాండు చేతుల్లో ఏదీ మీటకు గానీ కింది తీగలకు గానీ తగలకూడదు. కింద మరను డ్రమ్ము కదలనంత వరకే తిప్పండి. నాలాగా రెంచి పట్టుకుంటే చెక్క నొక్కుకుపోయి శబ్దం గొంతు పట్టినట్టు వస్తుంది.

బడి ఏవి ఇస్తుంది, ఏవి మీరు తేవాలి అన్నది వారి పత్రంలో ఉంటుంది, చదువుకోండి. పాతవి కొనాలనుకుంటే మే నెలలో వెతకండి. బ్యాండు మానేసే పిల్లల తల్లిదండ్రులు సగం ధరకు వదిలించుకుంటారు. ప్రతి మరనూ పూర్తిగా విప్పి మళ్లీ బిగించి చూసిన తరువాతే డబ్బు చేతిలో పెట్టండి, ఎదుటివారు మొహం మాడ్చుకున్నా సరే.

మావాడు ఉద్యోగానికి వెళ్లాక ఆ 89 డాలర్ల స్టాండు మా గ్యారేజీలో సంచిలో మడిచి ఉంది. రబ్బరు తొడుగుల్లో ఒకటి మార్చాను, అది నాలుగు డాలర్లు. శనివారం వచ్చి చూసుకోండి, మీకైతే 40కి ఇస్తాను. తొడుగు ఖర్చు అందులోనే కలిపాను.