ఎమోజీలుగా మార్చిన సందేశం రహస్యమవుతుందా?

ప్రశ్న: మా తరగతిలో కొందరు బేస్100 అనే ప్రోగ్రామ్‌తో సందేశాలను ఎమోజీల వరుసగా మార్చి పంపుకుంటున్నారు. వాటిని ఇతరులు చదవలేరన్నది నిజమేనా? తెలుగులో రాసిన చిన్న మాట కూడా అంత పొడవుగా ఎందుకు మారుతోంది?
— ఇంటర్ విద్యార్థి, తెనాలి

జవాబు: నిజం కాదు. ఆ ప్రోగ్రామ్ ఉన్నవారెవరైనా ఒక్క ఆదేశంతో అసలు సందేశాన్ని తిరిగి రాబట్టగలరు. ఇందులో పాస్‌వర్డ్ ఉండదు, అందరికీ తెలిసిన ఒక పట్టిక మాత్రమే ఉంటుంది.

కంప్యూటర్‌లో ఏ సమాచారమైనా బైట్ల వరుసే. ఒక్కో బైటుకు 0 నుంచి 255 వరకు 256 విలువల్లో ఏదో ఒకటి ఉంటుంది. ప్రపంచ లిపుల అక్షరాలకూ ఎమోజీలకూ ఒక్కో సంఖ్య కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌లో పక్కపక్కనే ఉన్న 256 గుర్తులను తీసుకొని, విలువకొకటి చొప్పున కేటాయించడమే బేస్100 చేసే పని. ఇంగ్లీషు పెద్దక్షరం ‘ఏ’ విలువ 65 కనుక అది ఒకే ఒక కప్ప ముఖంగా మారుతుంది. యూనికోడ్ సంఖ్యలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరాలు మూడేసి బైట్లు తీసుకుంటాయి. ‘అ’కు 224, 176, 133 అనే విలువలు ఉన్నందున అది పచ్చ పుస్తకం, నీటి బొట్టు, దేవదూత రూపంలోని పసిపాప అనే మూడు బొమ్మలవుతుంది, ‘ఆ’కు వచ్చేసరికి మొదటి రెండూ అలాగే ఉండి, పసిపాప స్థానంలో గ్రహాంతరవాసి వస్తాడు. గుణింతపు గుర్తులను కూడా యూనికోడ్ విడిగా లెక్కిస్తుంది కాబట్టి, చూపుకు మూడక్షరాలే అయిన ‘తెలుగు’ అనే మాటలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అనే ఆరు సంకేతాలు, వాటికి 18 బైట్లు, ఆ లెక్కన 18 ఎమోజీలు వస్తాయి. ప్రతి ఎమోజీ నిల్వకు నాలుగు బైట్లు కావాలి గనుక 18 బైట్ల మాట 72 బైట్లకు పెరుగుతుంది.

రహస్యం ఎంత పలచనిదో ఇక్కడే తెలుస్తుంది. తెలుగు లిపిలోని ప్రతి సంకేతమూ 224తోనే మొదలవుతుంది కాబట్టి మాట పొడవునా ప్రతి మూడు బొమ్మలకొక పచ్చ పుస్తకం కనిపిస్తుంది. ఈ సంగతి తెలిసినవారు ప్రోగ్రామ్ లేకుండానే అది తెలుగై ఉంటుందని ఊహించగలరు.

ఎకోజీ అనే మరో ప్రోగ్రామ్ 1024 ఎమోజీలను వాడుతుంది. బైటుకు ఎనిమిది బిట్లు (0 లేదా 1 అనే అంకెలు) ఉంటే, దానిలో ఒక్కో బొమ్మ పది బిట్లను మోస్తుంది కనుక ఐదు బైట్లకు నాలుగు బొమ్మలు సరిపోతాయి. వరుస కురచవుతుంది గానీ, రహస్యం విషయంలో దానికీ దీనికీ తేడా లేదు.

అయినా ఈ ఆటను మానుకోమని నేను చెప్పను. బైటు అంటే ఏమిటో ఇంత ఇష్టంగా నేర్పే సాధనాలు అరుదు. మీ పేరులోని ఒక్క అక్షరాన్నైనా కాగితం మీద మీరే మార్చి చూడండి. గోప్యత నిజంగా అవసరమైనప్పుడు మాత్రం ముందుగా సందేశాన్ని పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి (అంటే ఆ పాస్‌వర్డ్ లేనివారు చదవలేని రూపంలోకి మార్చి), ఆ వచ్చిన బైట్లను ఎమోజీలుగా మార్చుకోవచ్చు.