బీఈడీ వద్దు, నవల రాస్తానంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. చిన్న కిరాణా కొట్టు నడుపుకుంటున్నాం. అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం. చదువంతా ఒడియా మీడియం, తెలుగు మాత్రం వాళ్ల నాయనమ్మ దగ్గర నేర్చుకుంది, పుస్తకాల భాష రాదని సిగ్గుపడుతుంటుంది, ఆ తెలుగు సరిపోతుందా? బీఈడీ చెయ్యమంటే వద్దు, నవలలు రాస్తానంటోంది. ముప్ఫై పేజీలు రాసింది, మీకు పంపుతున్నాను. ఒక ప్రచురణ సంస్థవాళ్లు అవి చూసి, 45 వేలు కడితే పుస్తకం వేస్తామంటున్నారు. కట్టమంటారా? అసలు ఈ దారిలో బతుకుతెరువు ఉంటుందా?

జవాబు: అయ్యా, ముందు ఆ 45 వేలు జేబులోనే ఉంచుకోండి.

ముప్ఫై పేజీలు చూసి పుస్తకం వేస్తామన్నారంటే ఆ ముప్ఫై పేజీలూ వాళ్లు చదవలేదన్నమాట. చదివినవాడెవడైనా మిగతాది ఏదని అడుగుతాడు కదా. ఇరవై ఏళ్ల కిందట నేనూ ఇలాగే కట్టాను, కథల పుస్తకానికి, వెయ్యి కాపీలన్నారు, మూడొందలు పార్సిల్లో వచ్చాయి, మిగతావి షాపుల్లో ఉన్నాయన్నారు, ఏ షాపో ఇప్పటికీ తెలీదు. అందులో ఒక కట్ట బరంపురంలో మా మంచం కింద ఇంకా ఉంది, చెదలు కూడా ముట్టలేదు.

సొంత డబ్బుతో పుస్తకం వేసుకోవడం తప్పేమీ కాదు, తెలుగులో చాలామంది అలాగే వేసుకుంటున్నారు. అయితే అది నవల పూర్తయ్యాక, డీటీపీకి, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చడానికి ఎంత, ముఖచిత్రానికి ఎంత, అచ్చుకి ఎంత అని విడివిడిగా లెక్క అడిగి చేసే పని. ఇప్పుడు కావలసినన్ని కాపీలే, యాభై అయినా సరే, వేయించుకునే పద్ధతి కూడా ఉంది. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు, దానికి ఎవరైనా డబ్బు అడిగితే ఒక్క నిమిషం ఆగండి, మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది. సంతకం పెట్టే కాగితంలో హక్కులు ఎన్నేళ్లకి ఇస్తున్నారో తప్పకుండా రాయించండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం గడువు రాయకపోతే ఐదేళ్లుగా లెక్కేస్తారు, కానీ కొందరు 'శాశ్వతంగా' అనే మాట ఎక్కడో మూలన పెట్టేస్తారు, కళ్లజోడు పెట్టుకుని చదవండి.

బతుకుతెరువు సంగతి లెక్క వేసి చూద్దాం, మీరు కొట్టు నడిపేవారు, నాకంటే బాగా అర్థమవుతుంది. పుస్తకం ధర 200 అనుకోండి. రాయల్టీ, అంటే అమ్మకంలో రచయిత వాటా, పది శాతం ఇస్తే కాపీకి 20 రూపాయలు. ఐదొందల కాపీలు అమ్ముడైతే, తెలుగు నవలకి అది చిన్న సంగతేమీ కాదు, వచ్చేది పదివేలు. రెండేళ్ల కష్టానికి! అందుకే బీఈడీ చెయ్యనివ్వండి. అమ్మా, ఇది నీకు కూడా చెబుతున్నాను, ఉద్యోగం చేస్తే నవల ఆగిపోతుందని టెన్షన్ పడకు. కథకుడు కాళీపట్నం రామారావు గారు, అందరూ కారా మాస్టారు అంటారు, విశాఖలో బడిపంతులుగా పనిచేస్తూనే అన్ని కథలు రాశారు. కోరాపుట్ కొండల మనుషుల గురించి నవలలు రాసి, 1973లో జ్ఞానపీఠం అందుకున్న గోపీనాథ్ మహంతి ఒడిశా ప్రభుత్వ అధికారి. ఆయన్ని నువ్వు నేరుగా ఒడియాలో చదువుకోగలవు, ఆ సౌకర్యం హైదరాబాదులో రాసేవాళ్లకి లేదు, తెలుసా?

ఇక తెలుగు సరిపోతుందా అన్నది. మొదటి పేజీలో 'ప్రత్యూష కిరణములు మహేంద్రగిరి శిఖరములను సువర్ణమయం చేయుచున్న వేళ' అని ఉంది. ఇది చదివితే నాకు భయమేసింది, నిజం చెబుతున్నాను. పదహారో పేజీ వరకు ఇదే వరస, పల్లె, ప్రకృతి, కథానాయిక కళ్లు. పదిహేడో పేజీలో ఒక ముసలమ్మ కొట్టుకొస్తుంది. ఉప్పు, కిరసనాయిలు, అరకేజీ చింతపండు. నూట పన్నెండు అయిందంటే కొంగుముడి విప్పి 'ఎక, దుయి, తిని' అని ఒడియాలో లెక్కపెట్టుకుంటూ పదిరూపాయల నోట్లు ఒక్కొక్కటే బల్ల మీద పెడుతుంది, తొమ్మిదో నోటు దగ్గర ఆగి, 'మిగతాది రేపిస్తాన్లే, నానేటి పారిపోతానేటి' అంటుంది. చదువుతూ కూర్చున్నవాణ్ణి లేచి మా ఆవిడని పిలిచి వినిపించాను. మాట తెలుగు, లెక్క ఒడియా, మనందరి ఇళ్లలోనూ ఉన్నదే, అచ్చులో మాత్రం ఎక్కడా కనబడదు. తల్లీ, నీ నవల పదిహేడో పేజీలో మొదలవుతోంది. ముందున్న పదహారూ తీసేయ్. వాటిలో చెప్పిన సమాచారం నిజంగా అవసరమైతే తర్వాత ఎవరో ఒకరి నోట అదే వస్తుంది.

పుస్తకాల భాష రాదని సిగ్గుపడుతున్నావని మీ నాన్నగారు రాశారు. జనం మాట్లాడే భాషలోనే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది మీ ఊళ్లోనే కదమ్మా! కథనం మామూలు తెలుగులో ఉంచు, సంభాషణ మీ వీధి తెలుగులో పెట్టు. ఒడియా మాట వస్తే రానీ, పక్కన కుండలీకరణాల్లో అర్థం రాయొద్దు, సందర్భం చెబుతుంది. రాసిన ప్రతి అధ్యాయం నాయనమ్మకి పైకి చదివి వినిపించు. ఆవిడ తల తిప్పుకుని పక్కింటావిడతో మాట్లాడటం మొదలెట్టిన చోట గీత గీసుకో, అక్కడ ఏదో సాగదీశావు. ఆ ముసలమ్మ మిగతా డబ్బు రేపు ఇచ్చిందా? ఇవ్వకపోతే కొట్టు మనిషి ఏం చేశాడు? ప్రతి అధ్యాయంలోనూ ఎవరికో ఒకరికి ఏదో ఒకటి కావాలి, దానికి ఏదో అడ్డు రావాలి, అంతకు మించిన టెక్నిక్ నాకు తెలీదు.

రోజుకి ఐదొందల మాటలు, వెనక్కి తిరిగి దిద్దకుండా. వంద రోజులకి యాభై వేలు, అది నవలే. తర్వాత నెల రోజులు ముట్టుకోకుండా పక్కన పెట్టి, అప్పుడు దిద్దు. ఫోన్లో టైప్ చేసినా ఫర్వాలేదు, యూనికోడ్‌లోనే, అంటే ఫోన్లో మామూలుగా వచ్చే అక్షరాల్లోనే ఉంచు. అచ్చుకి ఇచ్చినప్పుడు డీటీపీవాళ్లు చాలాసార్లు దాన్ని 'అను' అనే పాత పద్ధతి ఫాంట్లలోకి మారుస్తారు, ఆ మార్పులో వత్తులు, పొల్లులు చెల్లాచెదురవుతాయి, కాబట్టి ఆఖరి ప్రూఫు నువ్వే చూసుకోవాలి, ఇంకెవరి మీదా వదలొద్దు.

ఎక్కడికి పంపాలి? ఒకప్పుడు వారపత్రికల సీరియళ్లే నవలా రచయితల్ని పోషించాయి, ఆ పత్రికలు చాలావరకు మూతపడ్డాయి. తానా, ఆటా లాంటి అమెరికా తెలుగువాళ్ల సంఘాలు అప్పుడప్పుడు నవలల పోటీలు పెడతాయి, వాటి మీద ఓ కన్నేసి ఉంచు. పోటీకి పంపితే 'సొంత రచన, అనువాదం కాదు, అనుసరణ కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు' అని హామీపత్రం రాయాలి, అందుకని ఉత్సాహం ఆపుకోలేక అధ్యాయాలు ప్రతిలిపి అనే కథల యాప్‌లోనో ఫేస్‌బుక్‌లోనో పెట్టేయకు, చాలా పోటీల్లో అది కూడా ప్రచురణ కిందికే వస్తుంది. పత్రికలకి ముందు కథలు పంపు, పేరు కాస్త తెలుస్తుంది. ఇంగ్లీషు రచయితలకున్నట్టు, ప్రచురణకర్తతో మన తరఫున మాట్లాడే ఏజెంట్లు మనకి లేరనే చెప్పాలి, ఒక పేజీ కథాసారం, మొదటి మూడు అధ్యాయాలు నేరుగా ప్రచురణకర్తకే పంపాలి. జవాబు రావడానికి నెలలు పడుతుంది, కొందరు ఇవ్వరు కూడా. సాహిత్య అకాడమీ యువ పురస్కారం 35 ఏళ్లలోపు వాళ్లకి, 50 వేలు, నీకింకా బోలెడు టైముంది.

అయ్యా, ఒక ఆదివారం కొట్టు కాసేపు మూసి అమ్మాయిని శ్రీకాకుళం తీసుకెళ్లండి. 1997లో కారా మాస్టారు మొదలుపెట్టిన కథానిలయం అక్కడుంది, తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలని పెట్టారు. వెళ్లేముందు తీసి ఉంటుందో లేదో కనుక్కోండి. వచ్చాక పదిహేడో పేజీ నుంచి ఇంకో ఇరవై పేజీలు రాసి నాకు పంపమనండి, ఆ ముసలమ్మ బాకీ ఏమైందో మా ఆవిడ రోజూ అడుగుతోంది.